గీత ఎవరు గీయాలి? – ఆన్‌లైన్ లోకాలలో ఆటగాళ్ళ పోరు

పరిచయం

వేర్వేరు ఊళ్ళలో, వేర్వేరు దేశాలలో ఉన్న వేలాది మంది ఒకే సమయంలో, ఒకే కల్పిత లోకంలో ఆడే ఆటలను బహుళ ఆటగాళ్ళ ఆన్‌లైన్ ఆటలు అంటారు. ఆ లోకాన్ని నడిపే పెద్ద కంప్యూటరును సర్వరు అంటారు. ఆడేవాడు తన యంత్రాన్ని ఆపి నిద్రపోయినా సర్వరులోని లోకం ఆగదు. అక్కడ పగలు రాత్రి మారుతూనే ఉంటాయి, సంతలు సాగుతూనే ఉంటాయి, ఇతరులు తిరుగుతూనే ఉంటారు. ఇటువంటి లోకంలో ముందుగా నిర్ణయించిన దారి లేకుండా ఎటైనా పోగల వీలుంటే దానిని ఓపెన్ వరల్డ్, అనగా విశాల లోకం అని వ్యవహరిస్తారు.

ఈ లోకాలలో పోరు రెండు విధాలు. యంత్రం నడిపే మృగాలతోను రాక్షసులతోను పోరాడడం ఒకటి. దీనిని పీవీఈ అంటారు. ఆటగాడే మరొక ఆటగాడిపై కత్తి ఎత్తడం రెండవది. దీనిని పీవీపీ అంటారు. మొదటి దానిలో ఓడిపోయేది బొమ్మ. రెండవ దానిలో ఓడిపోయేది ఎక్కడో తెరముందు కూర్చున్న మనిషి. ఆతడు నెలల తరబడి కూడబెట్టుకున్న వస్తువులు నిమిషంలో పోవచ్చును. ఈ కారణం చేతనే పీవీపీ ఎంతవరకు ఉండాలన్న వివాదం ఈ ఆటల పుట్టుకతోనే పుట్టినది, నేటికీ తీరలేదు.

మన పల్లెలలో పిల్లలు గోలీలాట మొదలుపెట్టే ముందు ఒక మాట అనుకుంటారు. గెలిచిన గోలీలు గెలిచినవాడివేనా, ఆట ముగియగానే తిరిగి ఇచ్చివేయాలా అన్నది అప్పుడే తేల్చుకుంటారు. తేల్చుకోకుండా ఆడితే ఆట తగవులో ముగుస్తుంది. చెడుగుడులో కూత పెట్టి గీత దాటినవాడు పట్టుబడవచ్చునని ఎరిగే దాటుతాడు. ఆన్‌లైన్ లోకాల చరిత్ర అంతయు ఈ రెండు చిన్న విషయాల చుట్టూనే తిరిగినదని చెప్పవచ్చును. గీత ఎక్కడ ఉన్నది? దానిని దాటేవాడు తెలిసి దాటుతున్నాడా?

తొలి ప్రయోగాలు

1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి మడ్ అనే ఆటను రాయడం ప్రారంభించాడు. 1980లో దాని బాధ్యతను రిచర్డ్ బార్టిల్ స్వీకరించాడు. అందులో బొమ్మలు లేవు. గదులు, అడవులు, నిధులు అన్నియు అక్షరాలలోనే వర్ణింపబడేవి. ఆ అక్షరాల లోకంలో కూడ ఒక ఆటగాడు మరొకనిని చంపవచ్చును. అట్లా పోరులో చనిపోయినవాని పాత్ర పూర్తిగా చెరిగిపోయేది.

ఈ అనుభవంతోనే బార్టిల్ 1996లో ఒక ప్రసిద్ధ వ్యాసం వెలువరించాడు. అందులో ఆటగాళ్ళను నాలుగు రకాలుగా విభజించాడు. సాధించాలని వచ్చేవారు, వెదకి తెలుసుకోవాలని వచ్చేవారు, నలుగురితో కలవాలని వచ్చేవారు, ఇతరులపై తమ బలం చూపాలని వచ్చేవారు. ఒక రకం పెరిగితే మరొక రకం తరుగుతుందనియు, లోకాన్ని నడిపేవారు ఈ తూకాన్ని కాపాడుకోవాలనియు ఆతని వాదన. తరువాతి కాలంలో ఆటలు తయారుచేసిన వారెందరో ఈ విభజనను ప్రాతిపదికగా తీసుకున్నారు.

1986లో అమెరికాలో లూకాస్‌ఫిల్మ్ సంస్థ హాబిటాట్ అనే ఆటను ప్రయోగాత్మకంగా నడిపినది. దీని నిర్మాతలు చిప్ మార్నింగ్‌స్టార్, ర్యాండీ ఫార్మర్. ఇది బొమ్మలతో కూడిన లోకం. తుపాకి దెబ్బకు చనిపోయిన పాత్ర జేబులు ఖాళీ అయి తన ఇంటికి చేరేది. దోపిడీలు, హత్యలు పెరిగిన తరువాత నిర్వాహకులు ఆటగాళ్ళ అభిప్రాయం అడిగారు. హత్య నేరమని సగం మంది, అది ఆటలోని సరదాయేనని సగం మంది చెప్పారు. ఆటగాళ్ళలో ఒకరు నిజజీవితంలో గ్రీకు ఆర్థొడాక్స్ మతాచార్యుడు. ఆయన ఆటలోనే ఒక ప్రార్థనా మందిరం స్థాపించి, తన అనుయాయులు ఆయుధం పట్టరాదని, దొంగిలించరాదని నియమం పెట్టాడు. చివరకు కుదిరిన రాజీ ఏమనగా, ఊరిలోపల ఆయుధాలు పనిచేయవు, ఊరి వెలుపల పనిచేస్తాయి. ఆన్‌లైన్ లోకాలలో పొలిమేర అనే భావన ఈ విధంగా స్థిరపడినది.

అల్టిమా ఆన్‌లైన్: పొలిమేర వెలుపలి భయం

ఈ ప్రశ్న పెద్ద ఎత్తున ఎదురైనది అల్టిమా ఆన్‌లైన్ అనే ఆటలో. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు ఆస్టిన్ నగరంలోని ఆరిజిన్ సంస్థ దీనిని 1997 సెప్టెంబరులో విడుదల చేసినది. దీని మూలపురుషుడు రిచర్డ్ గ్యారియట్, ప్రధాన రూపకర్త రాఫ్ కోస్టర్. అప్పట్లో నెలసరి చందా సుమారు 10 డాలర్లు ఉండేది. లక్ష మంది చందాదారులను చేరుకున్న మొదటి ఆట ఇదే.

ఇందులోని లోకం పేరు బ్రిటానియా. ఇందులో అందరూ యోధులే కానక్కరలేదు. కమ్మరి పని చేయవచ్చును, గనిలో లోహం త్రవ్వవచ్చును, చేపలు పట్టవచ్చును, దర్జీ పనితో బ్రతకవచ్చును. డబ్బు కూడబెట్టి స్థలం చూసుకొని ఇల్లు కట్టుకోవచ్చును. అడవిలో జింకలు, వాటిని తినే తోడేళ్ళు, తోడేళ్ళు తగ్గితే పెరిగే జింకలు, ఇట్లా ఒక సహజ సమతౌల్యాన్ని కూడ నిర్మాతలు రూపొందించారు. కాని లోకం తెరవగానే ఆటగాళ్ళు కంటబడిన ప్రతి జీవిని చంపివేశారు. సమతౌల్యం నిలువలేదు. ఆ ఏర్పాటును తొలగించవలసి వచ్చినది. మనుషులకు స్వేచ్ఛ ఇస్తే ఏమి చేస్తారన్న దానికి అది తొలి పాఠం.

రెండవ పాఠం విడుదలకు ముందే, 1997 ఆగస్టులో, పరీక్షా దశలో వచ్చినది. గ్యారియట్ లార్డ్ బ్రిటిష్ అనే రాజు పాత్రలో ప్రజల ముందుకు వచ్చాడు. ఆ పాత్రకు చావు లేకుండా చేసే ఏర్పాటు ఉన్నది. కాని సర్వరు మధ్యలో ఆగి మరల మొదలైనపుడు ఆ ఏర్పాటును తిరిగి పెట్టడం మరచిపోయారు. రెయింజ్ అనే పేరుతో ఆడుతున్న ఒకడు అగ్నిమంత్రం ప్రయోగించగా రాజు అందరి ఎదుట కూలిపోయాడు. ఆ సంఘటన నేటికీ ఆన్‌లైన్ ఆటల చరిత్రలో చెప్పుకునే ముఖ్యమైన ఘట్టం.

బ్రిటానియా నియమాలు ఈ విధంగా ఉండేవి. పట్టణంలో కావలివారు ఉండేవారు. ఎవరైనా దాడి చేస్తే కావలివారిని కేకవేసిన క్షణంలో వారు వచ్చి దోషిని హతమార్చేవారు. పట్టణపు హద్దు దాటితే కావలి లేదు. అక్కడ చనిపోయినవాడు దెయ్యమై తిరుగుతూ వైద్యుని వెదకి ప్రాణం పొందాలి. ఈలోగా ఆతని శవం, దానిపై ఉన్న సమస్త వస్తువులు అక్కడే పడి ఉంటాయి. ఎవరు ముందు చేరితే వారివే. తొలి రోజులలో ఇంటి తాళంచెవి కూడ సంచిలోనే ఉండేది గనుక, దారిలో చంపబడినవాడు చేతిలోని సొత్తుతో పాటు ఇంట్లోని సొత్తును కూడ కోల్పోయేవాడు.

దాడులు ఎందుకు పెరిగినవో అర్థం చేసుకోవడం కష్టం కాదు. గనిలో పనిచేసేవాడు గంటల శ్రమతో త్రవ్విన లోహాన్ని మోసుకొని వస్తాడు. దారి కాచినవాని వద్ద ఆయుధం తప్ప ఏమియు ఉండదు. ఓడితే దోపిడీదారుకు పోయేది స్వల్పం, గెలిస్తే వచ్చేది అధికం. పైగా ఒకే చందాపై ఒక్కొక్క సర్వరులో ఐదు పాత్రలు ఉంచుకోవచ్చును. ఒక పాత్రతో హత్యలు, మరొక పాత్రతో గౌరవంగా సంతలో బేరాలు సాగించేవారు ఉండేవారు. ఆ రోజులలో టెలిఫోను తీగ ద్వారా నెమ్మదిగా వచ్చే ఇంటర్‌నెట్ ఎక్కువ. వేగవంతమైన కనెక్షను ఉన్నవానిదే పైచేయి అయ్యేది. కనుక అది సమానుల మధ్య పోరు కాదు.

నిర్మాతలు అనేక ఉపాయాలు పన్నారు. పాత్రల పేర్లకు రంగులు పెట్టారు. నిరపరాధి పేరు నీలం, చిన్న నేరం చేసినవాని పేరు బూడిద రంగు, హంతకుని పేరు ఎరుపు. చనిపోయినవాడు తనను చంపినవానిపై ఫిర్యాదు చేయవచ్చును. ఐదు ఫిర్యాదులు చేరితే పేరు ఎరుపెక్కేది. ఎర్రపేరువాడు పట్టణంలో అడుగుపెడితే కావలివారు బ్రతకనీయరు. హంతకుని తల తెచ్చినవారికి బహుమానం ప్రకటించారు. హంతకుడు చచ్చి లేచినపుడు నైపుణ్యంలో కొంత కోల్పోయే శిక్ష పెట్టారు. ఆటగాళ్ళే దళాలు కట్టి హంతకులను వేటాడారు. కొందరు తమ సొంత గ్రామాలు నిర్మించుకొని వంతులవారీగా కాపలా కాశారు.

ఇవన్నియు కొంత మేలు చేసినవి గాని, సమస్య తీరలేదు. ప్రతి నియమానికి ఒక దొడ్డిదారి కనిపెట్టబడినది. అన్నిటికంటే బాధపడినది కొత్తవారు. ఊరు దాటిన మొదటి గంటలోనే మూడు నాలుగు సార్లు చంపబడినవాడు మరల రావడానికి ఇష్టపడడు. 1999లో ఎవర్‌క్వెస్ట్ అనే పోటీ ఆట వచ్చినది. అందులో సాధారణ సర్వరులలో ఆటగాడు ఆటగాడిని కొట్టే వీలు లేదు. కోరి యుద్ధమార్గం ఎంచుకున్నవారికి మాత్రమే పోరు ఉండేది. పోరు కావలసినవారి కొరకు వేరుగా సర్వరులు ఉండేవి. శాంతి కోరేవారికి ఇప్పుడు పోవడానికి మరొక చోటు దొరికినది.

లోకం రెండుగా చీలుట

2000లో ఆరిజిన్ సంస్థ తీసుకున్న నిర్ణయం అసాధారణమైనది. రినైసెన్స్ అనే విస్తరణతో బ్రిటానియాను అచ్చుగుద్దినట్లు రెండుగా చేసినది. ఒకదాని పేరు ఫెలూకా, రెండవదాని పేరు ట్రామెల్. బ్రిటానియా ఆకాశంలోని రెండు చంద్రుల పేర్లివి. అవే పట్టణాలు, అవే కొండలు, అవే రేవులు. భేదం ఒక్కటే. ఫెలూకాలో పాత నియమాలు కొనసాగినవి. ట్రామెల్‌లో ఇష్టపడనివానిపై దాడి చేయడం సాధ్యం కాదు. ఒక లోకం నుండి మరొక లోకానికి రాకపోకలు ఉన్నవి.

ఫలితం త్వరలోనే తెలిసినది. అధిక సంఖ్యాకులు ట్రామెల్‌కు తరలిపోయారు. అక్కడ కొత్త నేల దొరికినందున ఇళ్ళు కట్టుకోవడానికి తొక్కిసలాట జరిగినది. చందాదారుల సంఖ్య తగ్గలేదు సరికదా, 2003 నాటికి సుమారు రెండున్నర లక్షలకు పెరిగినది. సామాన్య ఆటగాడు కోరుకునేది ఏమిటో ఈ అంకె చెప్పుచున్నది.

అయితే నష్టపోయినవారి మాట కూడ వినదగినదే. దొంగలు లేని చోట కావలివాని పనికి విలువ ఉండదు. ప్రమాదం ఉన్న రోజులలో పదిమంది కలిసి ప్రయాణం చేసేవారు, అపరిచితునికి అండగా నిలిచేవారు, మాట తప్పనివానికి పేరు వచ్చేది. ట్రామెల్‌లో ఎవరి పని వారిది. ప్రాణభయంతో పాటు ఒకరి అవసరం ఒకరికి లేకుండా పోయినదని, పాత లోకపు కథలు కొత్త లోకంలో పుట్టలేదని అనేకులు వాపోయారు. ఫెలూకాలో వేటాడేవారు మిగిలారు, వేట కరువైనది. తరువాతి కాలంలో ఫెలూకాలో గనులు, అడవుల రాబడిని రెట్టింపు చేసి, కొన్ని అమూల్య వస్తువులు అక్కడే దొరికేటట్లు చేసి జనాన్ని రప్పించే ప్రయత్నం జరిగినది. ఇక్కడ గ్రహించవలసిన మార్పు ఒకటి ఉన్నది. ఇప్పుడు ఫెలూకాలో అడుగుపెట్టేవాడు లాభం కోరి, ప్రమాదం తెలిసి అడుగుపెడుతున్నాడు. చెడుగుడులో గీత దాటినవాని స్థితి అది. అల్టిమా ఆన్‌లైన్ నేటికీ ఈ రెండు లోకాలతో నడుచుచున్నది.

గీతలు పలువిధాలు

తరువాత వచ్చిన ఆటలు గీతను వేర్వేరు చోట్ల గీశాయి.

2001లో వచ్చిన డార్క్ ఏజ్ ఆఫ్ కెమెలాట్ మూడు రాజ్యాలను ఏర్పరచినది. ప్రతి రాజ్యపు లోపలి భూమి క్షేమం. పోరు సరిహద్దు భూములలోనే. స్వరాజ్యం వానిపై కత్తి ఎత్తడం సాధ్యం కాదు. దీని వలన పోరు దోపిడీగా కాక దేశరక్షణగా మారినది.

2004 నవంబరులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ప్రజలను అలయన్స్, హోర్డ్ అనే రెండు పక్షాలుగా విభజించినది. పోరు కోరేవారికి, కోరనివారికి వేర్వేరు సర్వరులు పెట్టినది. ఇందులో ఒక విచిత్రమైన ఏర్పాటు ఉన్నది. ఒక పక్షం వాడు రాసిన మాటలు రెండవ పక్షం వానికి అర్థంలేని అక్షరాలుగా కనబడతాయి. ఓడినవానిని గెలిచినవాడు మాటలతో హింసించకుండా ఈ భాషా కంచె ఒక రక్షణగా పనిచేసినది. కాని చేయి ఊపడం, తల వంచి నమస్కరించడం వంటి సైగలు మాత్రం కంచె దాటి పోయేవి. అడవిలో ఎదురుపడిన ఇద్దరు శత్రువులు చేయి ఊపుకొని ఎవరి దారిన వారు పోయిన సందర్భాలు ఆటగాళ్ళు ఎన్నో చెప్పుకుంటారు. రెండు భాషల నడుమ బ్రతికే సరిహద్దు పల్లెల వారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. 2018లో ఈ ఆట వేర్వేరు సర్వరుల పద్ధతిని తొలగించి, పోరుకు సిద్ధమా కాదా అన్నది ప్రతి ఆటగాడు తానే నగరంలో ఎంచుకునేటట్లు చేసినది. సిద్ధమన్నవానికి కొంత అదనపు ప్రతిఫలం ఇచ్చినది. 2022లో రెండు పక్షాలవారు కొన్ని సాహసాలు కలిసి చేసే వీలు కూడ కల్పించినది.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చెందిన జాగెక్స్ సంస్థ 2001లో విడుదల చేసిన రూన్‌స్కేప్‌లో ఉత్తరాన వైల్డర్‌నెస్ అనే అడవి భూమి ఉన్నది. అందులోకి పోయినవారే పోరుకు గురి అవుతారు. 2006 జూన్‌లో ఒక సాంకేతిక లోపం వలన కొందరికి క్షేమ ప్రాంతంలో కూడ దాడి చేసే శక్తి కలిగినది. ఫాలడోర్ పట్టణంలో ఎదురు దెబ్బ తీయలేని ఆటగాళ్ళు వరుసగా చంపబడ్డారు. అక్కడ జనాన్ని అంతగా కలవరపెట్టినది చావు కాదు, గీత మాట తప్పడం. 2007 డిసెంబరులో, ఆటలోని బంగారాన్ని నిజమైన డబ్బుకు అమ్మే అక్రమ వ్యాపారాన్ని అరికట్టడానికి ఆ సంస్థ అడవిలోని పోరును తొలగించినది. ఆటగాళ్ళు ఆటలోనే గుంపులుగా చేరి నిరసన తెలిపారు. చివరకు ఓటింగు జరుగగా 12 లక్షలకు పైగా ఓట్లు పడినవి, అందులో 91 శాతం పునరుద్ధరణకు అనుకూలం. 2011 ఫిబ్రవరి 1న పాత పోరు తిరిగి వచ్చినది. గీతను చెరిపేటప్పుడు ప్రజలను అడగలేదు, తిరిగి గీసేటప్పుడు అడిగారు.

దక్షిణ కొరియాలో లీనియేజ్ 2 అనే ఆటలో, బార్ట్స్ అనే సర్వరులో, 2004లో మరొక రకమైన సంఘటన జరిగినది. ఒక బలమైన కూటమి మంచి వేట ప్రాంతాలను తన గుప్పిట పెట్టుకొని, సంతలపై పన్ను పెంచినది. అప్పుడు చిన్న పాత్రలు గలవారు, ఇతర సర్వరుల వారు కూడ కొత్త పాత్రలు సృష్టించుకొని వచ్చి, నాసిరకం ఆయుధాలతో గుంపులుగా ఎదురు తిరిగారు. ఒక్కొక్కరు ఒక్క దెబ్బకు పడిపోయేవారే. గడ్డిపోచలు కలిసి వెంటి అయినట్లు వారి సంఖ్యయే బలమైనది. కొరియాలో ఆ పోరును నేటికీ బార్ట్స్ విముక్తి యుద్ధమని స్మరిస్తారు.

ఈవ్ ఆన్‌లైన్: పూర్తి స్వేచ్ఛకు మరొక రూపం

2003 మే నెలలో ఐస్‌లాండు రాజధాని రేక్యవిక్‌లోని సీసీపీ సంస్థ విడుదల చేసిన ఈవ్ ఆన్‌లైన్ వేరొక మార్గం పట్టినది. ఇది అంతరిక్షంలో నడిచే లోకం. వేలాది నక్షత్ర మండలాలు ఉన్నవి. ప్రతి మండలానికి భద్రతా సంఖ్య ఒకటి, తెరపై అందరికీ కనబడుతుంది. 0.5 నుండి 1.0 వరకు అధిక భద్రత. 0.1 నుండి 0.4 వరకు స్వల్ప భద్రత. సున్న, అంతకంటే తక్కువ ఉన్న చోట చట్టమే లేదు.

అధిక భద్రత అంటే దాడి జరగదని కాదు. దాడి చేసినవాని ఓడను కాంకర్డ్ అనే రక్షక దళం వచ్చి తప్పక నాశనం చేస్తుంది. కాని ఆ దళం వచ్చేలోగా నష్టం జరిగిపోవచ్చును. చవక ఓడలతో వచ్చి, అవి పోతాయని తెలిసే, విలువైన సరకు ఓడను పేల్చి దోచుకునే ముఠాలు ఉన్నవి. పేలిన ఓడ తిరిగి రాదు. మోసం కూడ ఆటలో భాగమే. 2005లో ఒక ముఠా సభ్యులు ఒక పెద్ద సంస్థలో ఉద్యోగులుగా చేరి, నెలల తరబడి నమ్మకం సంపాదించి, ఒకే సమయంలో దాని గిడ్డంగులు దోచి అధినేత ఓడను పేల్చివేశారు. ఆ నష్టాన్ని నిజమైన డబ్బులో లెక్కవేసి సుమారు 16,500 డాలర్లని అప్పుడు వార్తలు వెలువడినవి.

2014 జనవరి 27, 28 తేదీలలో బీ-ఆర్5ఆర్‌బీ అనే మండలంలో జరిగిన యుద్ధం మరింత ప్రసిద్ధం. ఒక కూటమి తన అధీనంలోని మండలానికి కట్టవలసిన రుసుము సమయానికి చెల్లింపబడలేదు. హక్కు జారిపోయినది, శత్రువులు దిగారు. సుమారు 21 గంటలు సాగిన ఆ పోరులో 7,500 మందికి పైగా పాల్గొన్నారు. టైటన్ అనే మహానౌకలు 75 నాశనమైనవి. మొత్తం నష్టం విలువ 3 లక్షల డాలర్లకు పైగా ఉంటుందని అంచనా. అంతమంది ఒకచోట చేరితే సర్వరు తట్టుకోలేదు గనుక, ఇటువంటి యుద్ధాలలో ఆటలోని కాలాన్నే పదవ వంతు వేగానికి తగ్గించే ఏర్పాటు ఉన్నది. ఒక చిన్న చెల్లింపు మరపు ఎంత దూరం పోయినదో ఈ యుద్ధం చెప్పుచున్నది.

ఇంత కఠినమైన లోకం రెండు దశాబ్దాలు దాటి నిలిచినదంటే కారణం ఉన్నది. ఈవ్‌లో ప్రమాదం దాచబడలేదు. కోల్పోగలిగిన దానికంటే విలువైన ఓడను నడపరాదన్నది అక్కడ కొత్తవానికి మొదట చెప్పే పాఠం. పైగా 2008 నుండి ఆటగాళ్ళు తమ ప్రతినిధులను ఓటు ద్వారా ఎన్నుకుంటున్నారు. వారు నిర్మాతలతో నియమాల గురించి చర్చిస్తారు. ఆటలోని మోసం అనుమతింపబడినది. కాని ఎదుటివానిని నిజజీవితంలో బెదిరించడం మాత్రం అనుమతింపబడలేదు.

చేతిఫోను ఆటలు, మన ఇళ్ళు

మన పల్లెలలో పిల్లలు చేతిఫోనులో ఎక్కువగా ఆడేవి పైన చెప్పిన నిత్య లోకాలు కావు. అవి బాటిల్ రాయల్ అనే మరొక జాతి. 100 మంది వరకు ఒక దీవిలో దిగి, చివరివాడు మిగిలే వరకు పోరాడుతారు. నేల విశాలమే, పోరు మనుషుల మధ్యనే. కాని ముఖ్యమైన భేదం ఒకటి కలదు. అరగంటలో ఆట ముగుస్తుంది. తరువాతి ఆటలో అందరూ మరల వట్టి చేతులతోనే మొదలుపెడతారు. దిగిన ప్రతివాడు పోరుకు ఒప్పుకునే దిగుతాడు. గోలీలు తిరిగి ఇచ్చివేసే ఆట వంటిది ఇది. కనుక ఇందులో ఓటమి వలన పోయేది తక్కువ. పోయేది వేరొక దారిన, అనగా కాలం రూపంలోను, పాత్రల దుస్తుల కొరకు, తుపాకుల రంగుల కొరకు పెట్టే డబ్బు రూపంలోను.

ఈ జాతి ఆటలలో పబ్‌జీ మొబైల్‌ను భారత ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న మరి 117 యాప్‌లతో పాటు నిషేధించినది. నిషేధానికి చూపిన కారణం హింస కాదు, దేశ భద్రత, వ్యక్తుల సమాచార రక్షణ. దాని స్థానంలో 2021 జూలైలో బీజీఎంఐ అనే పేరుతో భారతీయ రూపం వచ్చినది. 2022 జూలైలో అది కూడ దుకాణాల నుండి తొలగింపబడి, 2023 మే నెలలో తిరిగి వచ్చినది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల చట్టం ఆమోదించినది. డబ్బు పందెంగా ఒడ్డి ఆడే ఆటలను ఈ చట్టం నిషేధించినది. ఈ-స్పోర్ట్స్‌ను, పందెం లేని సామాజిక ఆటలను గుర్తించినది. రాష్ట్రపు హద్దుకు ఇటు ఒక నియమం, అటు ఒక నియమం ఉండడం సరిహద్దు ఊళ్ళకు అలవాటే గాని, ఇది దేశమంతటికి వర్తించే చట్టం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో ఆటల వ్యసనాన్ని ఒక రుగ్మతగా చేర్చినది. అది 2022 జనవరి నుండి అమలులో ఉన్నది. ఎక్కువసేపు ఆడడమే వ్యసనం కాదు. ఆటపై అదుపు తప్పడం, ఇతర పనులన్నిటి కంటే ఆటకే ప్రాధాన్యం ఇవ్వడం, హాని జరుగుచున్నా మానలేకపోవడం, ఈ లక్షణాలు సాధారణంగా 12 నెలల పాటు కనబడితేనే దానిని రుగ్మతగా పరిగణిస్తారు.

పెద్దలు అడగదగిన ప్రశ్నలు

ఆట పేరు వినగానే మంచిదనో చెడ్డదనో తీర్పు చెప్పడం కంటే, ఈ క్రింది ప్రశ్నలు పిల్లవానినే అడగడం మేలు. ఆతడు చెప్పలేకపోతే ఆ ఆట నియమాలు ఆతనికే తెలియవని అర్థం.

ఓడిపోతే ఏమి పోతుంది? ఆ ఒక్క ఆటతో తీరిపోతుందా, నెలల కష్టం పోతుందా?

క్షేమమైన చోటు ఏది, కానిది ఏది? ఆ హద్దు తెరపై స్పష్టంగా కనబడుతుందా?

దాడి చేసేవాడు సమానుడా? డబ్బు పెట్టి బలమైన ఆయుధం కొనుక్కునే వీలు ఉంటే, అక్కడ పోరు నైపుణ్యంతో కాదు, జేబుతో.

ఎవరెవరు మాట్లాడగలరు? అపరిచితుల మాటలు, సందేశాలు ఆపివేసే వీలు ఎక్కడ ఉన్నది? వేధించినవానిపై ఫిర్యాదు చేసే మీట ఏది?

నిజమైన డబ్బు ఎక్కడ ముడిపడి ఉన్నది? ఆటలోని వస్తువు చవకగా ఇస్తామని ఆట వెలుపల ఓటీపీ గాని, పాస్‌వర్డు గాని అడిగేవాడు ఆటగాడు కాడు, దొంగ. అట్లా ఖాతా నుండి డబ్బు పోయినచో ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి.

ఈ చివరి ప్రశ్న ఎక్కువ ముఖ్యమైనది. బ్రిటానియాలో దోచుకున్న కత్తి కల్పితం. ఓటీపీ ద్వారా పోయిన రూపాయి కల్పితం కాదు. ఆటలోని గీత ఎంత కఠినంగా ఉన్నా దానిని తెలిసి దాటవచ్చును. ఆటకు, ఇంటికి మధ్య ఉన్న గీతను మాత్రం ఎవడూ దాటరాదు.

ముగింపు

1978 నాటి అక్షరాల లోకం నుండి నేటి అంతరిక్ష యుద్ధాల వరకు చూస్తే, స్వేచ్ఛ ఎక్కువైన చోట భయం పెరిగినది, భయం పూర్తిగా తొలగిన చోట తోడు తగ్గినది. నిలిచిన లోకాలు ఈ రెండింటి నడుమ ఒక గీత గీసి, దానిని అందరికీ కనబడేటట్లు ఉంచి, దాటడం దాటకపోవడం ఆటగాని ఇష్టానికి వదిలినవి. ఎదుటివాని సమ్మతితో జరిగే పోరు ఆట, సమ్మతి లేనిది దౌర్జన్యం. ఈ భేదం తెలిసిన పిల్లవాడు తెరముందు గాని, బడి మైదానంలో గాని తోటివానితో ఎట్లా మెలగాలో సగం నేర్చుకున్నట్లే.